అద్భుతం తర్వాతి వచనం

(ఒంగోలు దగ్గరి ఒక పల్లెలో, కోతలయ్యాక జరిగిన కృతజ్ఞత కూడికలో ఒక సంఘ పెద్ద చేసిన ప్రసంగం. ఫోన్‌లో రికార్డు చేసింది విని రాసిన పాఠం.)

అందరికీ ప్రభువు పేరట వందనాలు. మైకు వెనక దాకా వినిపిస్తోందా? అక్కలు చేతులెత్తారు. సరే.

అయ్యగారు నన్ను అరగంట మాట్లాడమన్నారు. అటు పొయ్యి దగ్గరున్నవాళ్లేమో ఇరవై నిమిషాలకే అన్నం దించేస్తామంటున్నారు. నేను వంటవాళ్ల మాటే వింటాను.

నేను పాస్టరును కాను, మీకు తెలుసు. ముప్పై రెండేళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. బడిలో నాకు ఎప్పుడూ ఒకటే తగువు. పిల్లలకు కథ ఇచ్చి చదవమంటే, పులి చచ్చిపోగానే పుస్తకం మూసేసేవాళ్లు. ఇంకా నాలుగు లైన్లున్నాయి, చదవరా అంటే, "ఇంకేముంది సార్, పులి చచ్చిపోయిందిగా" అనేవాళ్లు. నేను ఆ నాలుగు లైన్లే పరీక్షలో అడిగేవాణ్ణి. నన్ను ఎంతమంది తిట్టుకున్నారో, వాళ్లలో కొందరు ఇక్కడే కూర్చుని నవ్వుతున్నారు.

బైబిలు కథల్ని కూడా మనం అలాగే చదువుతున్నామని నాకు ఈ మధ్య అనిపిస్తోంది. మొన్న డిసెంబర్ 31 రాత్రి అందరం వాగ్దాన కార్డులు తీసుకున్నాం. తెచ్చి బీరువా అద్దానికి అంటించుకున్నాం, స్టేటస్‌లో పెట్టుకున్నాం. తప్పని అనను, నేనూ అంటించుకున్నాను. కానీ కార్డు మీద ఒక్క వచనమే పడుతుంది. దాని కింది వచనానికి చోటుండదు. నా అనుభవంలో దేవుడు మనకు పని చెప్పేది ఎక్కువగా ఆ కింది వచనంలోనే.

రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం తీయండి. విధవరాలి నూనె. సండేస్కూలు పిల్లలకు కూడా వచ్చు. ఆమె భర్త ప్రవక్తల శిష్యుల్లో ఒకడు, దైవభక్తి గలవాడు. అయినా అప్పు మిగిల్చి చనిపోయాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఎవరైనా అప్పులపాలైతే "ఏదో పాపం ఉండి ఉంటుంది" అని గుసగుసలాడేవాళ్లు మనలో ఉన్నారు. ఈయన ప్రవక్తల గుంపులో మనిషి, భయభక్తులు గలవాడని భార్యే ఎలీషా ప్రవక్త ముందు చెబుతోంది. అప్పు ఆ ఇంటికీ వచ్చింది. ఒక ఏడు పొగాకు ధర పడిపోతే, ఒక వాన మిరపకాయ ఎండబెట్టిన కళ్లం మీద పడితే, ఏ పాపం చేయని రైతు కూడా నోటు మీద సంతకం పెట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడం మనం చూడలేదా?

అప్పులవాడు వచ్చి, ఇద్దరు కొడుకుల్ని దాసులుగా తీసుకుపోతానన్నాడు. ఆమె ఎలీషా దగ్గర మొరపెట్టుకుంది. ఎలీషా ఆమె చేతిలో డబ్బు పెట్టలేదు. "నీ ఇంట్లో ఏముంది?" అని అడిగాడు. నూనె కుండ ఒక్కటి తప్ప ఏమీ లేదంది. అయితే పోయి ఇరుగుపొరుగు వాళ్ల దగ్గర వట్టి పాత్రలు అడిగి తెచ్చుకో, కొన్ని కాదు, చాలా తెచ్చుకో అన్నాడు.

ఇంటింటికీ వెళ్లి ఖాళీ బిందెలు అడగడమంటే ఏమిటో ఆడవాళ్లకు బాగా తెలుసు. "ఎందుకమ్మా?" అని అడుగుతారు. ఏం చెబుతుంది? నూనె పోసుకోవడానికి అంటే నవ్వుతారు. అప్పులవాళ్లు ఇంటి మీదికి వచ్చిన సంగతి వీధికంతా తెలిసే ఉంటుంది. ఆ వీధిలోకే తలుపు తీసుకుని వెళ్లింది. నా లెక్కలో ఆమె విశ్వాసం కనబడేది నూనె పోసేటప్పుడు కాదు, ఆ మొదటి గడప దగ్గర.

తర్వాత తలుపు మూసుకున్నారు. కొడుకులు పాత్రలు అందిస్తుంటే తల్లి పోసింది. పాత్రలు అయిపోగానే నూనె నిలిచిపోయింది. అది ఆరో వచనం. పులి చచ్చిపోయింది. మనం పుస్తకం మూస్తాం. పాట పాడతాం.

ఏడో వచనంలో ఆమె మళ్లీ ఎలీషా దగ్గరికి వచ్చి జరిగింది చెప్పింది. ఆయన ఏమన్నాడు? నువ్వు పోయి ఆ నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. ముందు సాక్ష్యం చెప్పమనలేదు. అప్పులవాడు దుర్మార్గుడు, వాడికి ఇవ్వనక్కర్లేదనీ అనలేదు. అప్పు తీర్చు, తర్వాత బతుకు. వరస కూడా చూడండి.

అంటే అద్భుతం జరిగిన మర్నాడు పొద్దున్నే ఆమె సంతకు వెళ్లాలి. నూనె కొలిచి అమ్మాలి. బేరమాడేవాళ్లతో బేరమాడాలి. తెచ్చిన పాత్రలు కడిగి, ఎవరి గిన్నె వాళ్లకు తిరిగి ఇవ్వాలి. ఆ మాట బైబిల్లో రాయలేదు, నేనే కలుపుతున్నాను. పక్కింటి గిన్నె తిరిగి ఇవ్వని ఆడమనిషి గురించి మన పల్లెలో ఏమనుకుంటారో తెలుసు కాబట్టి కలుపుతున్నాను.

ఇది చదివి నాకు నేను దొరికిపోయాను. చెప్పేస్తాను. చాలా ఏళ్ల కిందట మా చిన్నోడికి ఉద్యోగం వచ్చినప్పుడు, ఇదిగో ఇలాంటి కూడికలోనే లేచి సాక్ష్యం చెప్పి, కృతజ్ఞత కానుక కవరులో పెట్టి వేశాను. ఘనంగానే వేశాను. ఆ రోజు మూడో వరసలో, మా ఇంటికి సరుకులు ఇచ్చే కొట్టు ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన ఖాతా పుస్తకంలో నా పేరు మీద ఏడు నెలల పద్దు ఉంది. ఆయన ఏమీ అనలేదు. కూడిక అయ్యాక చెయ్యి కలిపి, "సంతోషం మాస్టారూ" అన్నాడు, అంతే. ఆ మాట నన్ను ఇంటిదాకా తరుముకుంటూ వచ్చింది. ఆరో వచనం గురించి సాక్ష్యం చెప్పాను, ఏడో వచనం ఆయన పుస్తకంలో ఉండిపోయింది. మర్నాడు కొంతా, పంట డబ్బు వచ్చాక మిగతాదీ కట్టాను. కానుక తక్కువ వేయండని నేను చెప్పడం లేదు, అయ్యగారు నన్ను అలా చూడకండి. ఖాతా కూడా కట్టమంటున్నాను.

ఈ కింది వచనం సంగతి ఒకసారి కంటబడ్డాక, ఎక్కడ తెరిచినా అదే కనబడుతోంది. మార్కు ఐదో అధ్యాయంలో యాయీరు కూతురు. పన్నెండేళ్ల పిల్ల. చనిపోయిందని ఇంటి ముందు ఏడుపులు. యేసు ప్రభువు ముగ్గురు శిష్యుల్నీ తల్లిదండ్రుల్నీ మాత్రం లోపలికి తీసుకువెళ్లి, పిల్ల చెయ్యి పట్టుకుని "తలితా కుమీ" అన్నాడు, అంటే చిన్నదానా లెమ్ము అని. పిల్ల లేచి నడిచింది. అందరూ విస్మయంతో నిలబడిపోయారు. ఆ అధ్యాయంలో చివరి వచనం ఏమిటి? పిల్లకు తినడానికి ఏమైనా పెట్టండి అన్నాడాయన.

చావును గెలిచిన నోటితోనే ఆయన పిల్ల ఆకలి సంగతీ చెప్పాడు. ఆ గదిలో ఆ సంగతి ఆయన ఒక్కడికే తోచింది. తల్లికి కూడా తోచలేదు, పాపం, ఎలా తోస్తుంది?

మా మనవరాలికి డెంగ్యూ జ్వరం వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తెచ్చాం. సాయంత్రానికి సంఘం అంతా వచ్చింది. ప్రేమతోనే వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తున్నారు. ఆరుగురు అయ్యారు, ఏడో ఆయన ఆదికాండం దగ్గర మొదలుపెట్టాడు. పిల్ల మంచం మీద కూర్చుని ఊగుతోంది. మా ఆవిడ రాగిజావ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చివరికి ఉండబట్టలేక, "అన్నా, ఆమేన్ అనన్నా, పిల్లకు జావ తాగించాలి" అంది. అందరూ ఒక్కసారి కళ్లు తెరిచారు. అప్పుడు నాకు సిగ్గేసింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ గదిలో మార్కు ఐదో అధ్యాయం చివరిదాకా చదివింది ఆవిడ ఒక్కతే.

ఐదువేల మంది కథలో కూడా అంతే. అందరూ తృప్తిగా తిన్నాక, ఏదీ వృథా కాకుండా మిగిలిన ముక్కలు పోగుచేయండి అన్నాడు ప్రభువు. అయిదు రొట్టెల్ని అంతమందికి పంచగలిగినవాడికి ముక్కల లెక్కెందుకు? ఎందుకో నాకు పూర్తిగా తెలియదు. పన్నెండు గంపలు ఎత్తింది శిష్యులే, అంటే వడ్డించినవాళ్లే శుభ్రం కూడా చేశారు. మన ప్రేమ విందులో వడ్డించడానికి కుర్రాళ్లు పోటీ పడతారు, ఫోటోలు కూడా పడతాయి. డేగిసాలు తోమేది మాత్రం ప్రతి ఏడూ ఆ నలుగురు అక్కలే. పేర్లు చెప్పను, మీకందరికీ తెలుసు.

లాజరు దగ్గర కొంచెం ఆగాలి. అది నవ్వుకునే సంగతి కాదు. యోహాను పదకొండో అధ్యాయం. లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. రాయి తీయండి అన్నాడు ప్రభువు. మరణాన్ని ఆయన చూసుకుంటాడు, రాయి మాత్రం మనుషులే తీయాలి. లాజరూ, బయటికి రా అని కేక వేశాడు. వచ్చాడు. ఎలా వచ్చాడు? కాళ్లకూ చేతులకూ ప్రేతవస్త్రాలు, ముఖానికి రుమాలు. ప్రాణం ఉంది, నడవలేడు. ప్రాణం ఉంది, చూడలేడు. ప్రభువు ఆ కట్లు తన చేత్తో విప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్లతో, మీరు అతని కట్లు విప్పి పోనివ్వండి అన్నాడు.

తాగుడు మానేసి, బాప్తిస్మం తీసుకుని, రెండేళ్లుగా ఒక్క ఆదివారం తప్పకుండా వస్తున్న మనిషి మన సంఘంలో ఉన్నాడు. అతన్ని ఇప్పటికీ మనం ఏ పేరుతో పిలుస్తున్నాం? మొన్న గుడికి సున్నం వేయించే డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలని మాట వచ్చినప్పుడు, అతని పేరు ఒకరు చెబితే, "వాడికా?" అన్నాం. నేనూ అన్నాను. దేవుడు లేపిన మనిషిని మనం కట్లతోనే గుమ్మంలో నిలబెట్టి, ఎన్నాళ్లు నిలబడతాడో చూద్దాం అంటున్నాం. కాలు కట్టేసి ఉన్నవాడు పడక ఏం చేస్తాడు? ఆ కట్లు విప్పాలంటే వాసన భరించాలి, ముట్టుకోవాలి. లాజరు తోబుట్టువు మార్త ముందే చెప్పింది కదా, వాసన వస్తుంది ప్రభువా అని.

మన దగ్గర్నుంచే ఒక సంగతి చెబుతాను. ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కనివాళ్లు ఇక్కడ ఎవరూ లేరనుకుంటా. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దొరగారూ ఆయన భార్యా మరో ముగ్గురూ, మొత్తం ఐదుగురు ఆ కొండ మీద మోకరించారు. అప్పటికి నెల్లూరు మిషను పని దాదాపు మూసేద్దామనే స్థితిలో ఉంది. తర్వాత 1866లో మరో మిషనరీ, క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఈ అంకె మన పిల్లలకు ఎక్కాల కన్నా బాగా వచ్చు. ఇది మన నూనె, ఇది మన ఐదు రొట్టెలు.

ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ బట్టీ పట్టరు. మూడున్నర మైళ్లు. 1876 నుంచి 78 దాకా ఈ నేలంతా కరువు. అప్పుడు ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ దొర కుర్రతనంలో సర్వే పని నేర్చినవాడు. ఆయన మూడున్నర మైళ్ల కాలువ పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగవాడల జనం. బోధకుల్నే పని మీద పర్యవేక్షకులుగా పెట్టాడు. కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని. మా ముత్తాత ఆ కాలువలో మట్టి గంప మోశాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. గుండ్లకమ్మ గురించి మా నాయన మాకు ఎన్నో చెప్పాడు కానీ, ఆయన గొంతు మారేది మాత్రం ఆ మట్టి గంప దగ్గరే. ఇక్కడ పని ముందు వచ్చింది, పండుగ తర్వాత వచ్చింది. వరస తిరగబడింది, అయినా పని వచనం తప్పిపోలేదు. ఈ సారి కొత్తపట్నం వెళ్లేటప్పుడు కాలువ వంతెన మీద బండి ఒక్క నిమిషం ఆపి చూడండి.

ఇంతసేపూ మీలో కొందరు మనసులో ఒక మాట అనుకుంటూ ఉంటారు. "మాస్టారూ, అద్భుతం జరిగినవాళ్ల సంగతి చెబుతున్నావు. మా ఇంట్లో జరగలేదు." అవును. ప్రార్థన చేసినా బతకని పిల్లలున్నారు. నూనె పొంగని ఇళ్లున్నాయి. వాళ్ల కోసమే రూతు గ్రంథం ఉందని నేననుకుంటాను.

ఆ నాలుగు అధ్యాయాలూ వెతకండి. సముద్రం చీలదు, దేవదూత కనబడడు, చచ్చినవాళ్లు లేవరు. కరువొచ్చి నయోమి కుటుంబం బేత్లెహేము వదిలి మోయాబుకు వలసపోయింది. కనిగిరి, పామూరు వైపు నుంచి బెంగళూరుకూ హైదరాబాదుకూ కుటుంబాలు పోయినట్టే. అక్కడ భర్త పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. తిరిగొచ్చి, నన్ను నయోమి అనకండి, మారా, అంటే చేదు, అనండి, నిండుగా వెళ్లి వట్టి చేతులతో వచ్చాను అంది. ఆమెను ఎవరూ మందలించలేదు. "అలా అనకూడదమ్మా, విశ్వాసం ఉంచాలి" అని ఎవరూ పాఠం చెప్పలేదు. మనమైతే చెప్పేవాళ్లం.

కోడలు రూతు పరిగె ఏరడానికి వెళ్లింది. పరిగె అంటే పట్నం పిల్లలకు తెలియదు. చేను కోశాక రాలిన వెన్నులు ఏరుకోవడం. నెల్లూరు డెల్టాలో, మన గుండ్లకమ్మ కింద కూడా, మా చిన్నప్పుడు అమ్మలు గంప పట్టుకుని వెళ్లేవాళ్లు. ఇప్పుడు యంత్రం కోతలో ఆ మాటే పోతోంది. లేవీయకాండం పందొమ్మిదిలో దేవుడు చెప్పాడు, పొలం మూలలు పూర్తిగా కోయవద్దు, పరిగె ఏరవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయండి అని. ఆ అధ్యాయంలోనే నాలుగు వచనాల కింద, కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని కూడా ఉంది. మిరపకాయలు కోసిన కూలి, కాయలు అమ్ముడుపోయాక ఇస్తామనే రైతన్నలు ఆ వచనం ఇంటికి వెళ్లి చదువుకోండి. నేను ఇక్కడ చదవను, భోజనం రుచించదు.

రూతు పరిగె ఏరిన పొలం యజమాని బోయజు ఏం చేశాడు? ఇంత పెద్ద ఆసామి, ఒక బస్తా బండి మీద వేసి పంపితే అయిపోయేది. అలా చేయలేదు. పనివాళ్లతో, ఆమె కోసం కట్టల్లోంచి కొన్ని పిడికెళ్లు కావాలనే పడేయండి, ఆమెను గద్దించకండి అని చెప్పాడు. రూతుకు ఆ సంగతి తెలియదు. తనే ఏరుకున్నాననుకుంది. సాయంత్రం దుళ్లగొడితే తూమెడు యవలు అయ్యాయి. సాయం చేసి, సాయం చేసినట్టు కనబడకుండా ఉండటమంటే ఇది. మధ్యాహ్నం పెట్టిన పేలాల్లో తాను తినగా మిగిలింది కొంగున దాచి అత్తకు తెచ్చింది చూడండి, ఆ పిల్ల.

మన ఊళ్లో ఇడ్లీలు అమ్మే అక్క ఉంది. ఆమె పక్క ఇంట్లో భర్త పోయిన మనిషి ఉంటే, రోజూ నాలుగు ఇడ్లీలు ఊరికే పంపవచ్చు. పంపలేదు. "నాకు పొద్దున్నే ఉల్లిపాయలు తరగడం కళ్లు మంటవుతోంది వదినా, కాస్త వచ్చి తరుగుతావా" అని పిలిచింది. ఆ కళ్లు మంట అబద్ధమని నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా ఆమె కళ్లు మండలేదు. ఈ ఒక్క అబద్ధాన్ని దేవుడు ఏ పద్దులో రాసుకుంటాడో అయ్యగారే చెప్పాలి.

ఒక్కటి చెప్పి కూర్చుంటాను. అపొస్తలుల కార్యములు ఇరవై ఏడు చివర, ఇరవై ఎనిమిది మొదట. ఓడ పగిలిపోయింది. రెండు వందల డెబ్బై ఆరు మంది, ఈదినవాళ్లు ఈది, చెక్కలు పట్టుకున్నవాళ్లు పట్టుకుని, మెలితే ఒడ్డున పడ్డారు. ఒక్క ప్రాణం పోలేదు. వాన, చలి. ఆ ద్వీపం వాళ్లు మంట వేశారు. ఆ తర్వాత పౌలు చేతికి పాము చుట్టుకుంది, ఆయన దులిపేశాడు, ఏ హానీ కలగలేదు. పాము దగ్గర మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. ఆ పాము ఎక్కడి నుంచి వచ్చింది? పౌలు ఏరి తెచ్చిన కట్టెల్లోంచి. అంత పెద్ద అపొస్తలుడు, ఖైదీగా పోతున్నవాడు, పద్నాలుగు రోజులు సముద్రం మీద తుఫానులో చచ్చి బతికినవాడు, ఒడ్డుకు చేరగానే వంగి పుల్లలు ఏరాడు. పక్కన ఎవరో చలికి వణుకుతున్నారు కాబట్టి.

ఇందాకటి నుంచి ఆ తమ్ముడు నాకు సైగ చేస్తున్నాడు. టైమైపోయిందేమో అనుకున్నాను. కాదట, పొయ్యి కింద కట్టెలు అయిపోయాయట, పప్పు ఇంకా ఉడకలేదట. గుడి వెనక వేపచెట్టు కింద మోపు ఉంది. ముందు వరసలో కుర్రాళ్లు నలుగురు లేవండి. నేనూ వస్తున్నాను. ప్రార్థన అయ్యగారు చేస్తారు.